నూనెగిన్నె – మేనమామ

కిందటి వారం ఇదే పేజీలో ఒక మాట ఇచ్చాను. పరీక్ష పేపర్లు దిద్దడంలో ఉండే కష్టసుఖాలను గురించి ఈ వారం రాస్తానని. మాట తప్పుతున్నాను, పాఠకులు మన్నించాలి. పేపర్ల కట్టలు ఇంకా నా బల్లమీదే ఉన్నాయి. పైగా అన్నిటికంటే పైనున్న పేపరుమీద అర్ధరూపాయంత నూనె మరక పడింది. ఆ మరక ఎలా పడిందో చెప్పడమే ఈ వారం నా పని.

మా చెల్లెలు పురిటికి వచ్చింది. పెళ్ళయిన పదకొండేళ్ళకు కడుపు పండింది. కాబట్టి ఇంట్లో అందరికీ సంతోషం ఎంతో భయమూ అంతే. భయపడ్డట్టే కాన్పు నాలుగు వారాలు ముందుకు వచ్చింది. ఆడపిల్ల. 2 కిలోల 100 గ్రాములు. నా చేతిలో పెడితే నిఘంటువుకున్నంత బరువు కూడా లేదు. ఆస్పత్రిలో పన్నెండు రోజులు ఉంచుకున్నారు. గాజుపెట్టెలో పెడతారేమోనని మేము హడలిపోతుంటే, డాక్టరమ్మ పిల్లను తల్లి గుండెలమీద, చర్మానికి చర్మం ఆనేటట్టు పడుకోబెట్టి పైన దుప్పటి కప్పింది. బరువు తక్కువ పిల్లలకు ఇదే మొదటి మందుట. 1970ల చివర కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో, గాజుపెట్టెలు చాలక, డాక్టర్లు ఈ పద్ధతి మొదలుపెట్టారు. ఈవేళ లోకమంతా అనుసరిస్తోంది. కంగారూ తన పిల్లను సంచిలో మోసినట్టు మోయడం కనక దానికి కంగారూ పేరే పెట్టారు.

సరే, పిల్ల ఇంటికి వచ్చింది. ఇక మా అమ్మ రాజ్యం మొదలయింది.

మా అమ్మకు డెబ్బైనాలుగేళ్ళు. మా వీధిలో సగంమంది ఆవిడ కాళ్ళమీద నీళ్ళు పోయించుకుని పెరిగినవాళ్ళే. పెరట్లో పీట వేసుకుని, చీర మోకాళ్ళదాకా ఎగదోపి, కాళ్ళు చాపి, పిల్లను కాళ్ళమీద బోర్లా పడుకోబెట్టుకుని ఆవిడ నూనె మర్దించి, నలుగు పెట్టి, నీళ్ళు పోస్తుంటే చూడడానికే ఇద్దరు ముగ్గురు చేరేవారు. ఆ పిల్ల ఏడుపు వీధి చివరిదాకా వినిపించేది. నీళ్ళు అయి, పొడిబట్టలో చుట్టగానే మూడు గంటలు కదలకుండా నిద్రపోయేది. మమ్మల్నందరినీ ఆవిడ అలాగే పెంచింది. నా ముక్కు ఆవిడ రోజూ నూనెచేత్తో లాగి లాగి తీర్చిందిట. ఆ తీర్చిన ముక్కు ఎలా ఉందో మా కాలేజీ విద్యార్థులకు బాగా తెలుసు. దాన్నిబట్టి వాళ్ళు నాకొక పేరు కూడా పెట్టారు.

ఇప్పుడు ఆవిడ మణికట్లకు కీళ్ళవాతం. నీళ్ళచెంబు ఎత్తలేదు. అందుకని నీళ్ళు పోయడం మానుకుని నూనె రాయడం ఒక్కటే పెట్టుకుంది. ఇరవయ్యారో రోజున నూనె రాయడం పూర్తిచేసి, అలవాటు ప్రకారం, రెండు ముక్కుల్లోనూ చెరొక చుక్క వేసింది. ముక్కు శుభ్రపడుతుందని.

పిల్ల ఒక్కసారి ఉక్కిరిబిక్కిరి అయింది. దగ్గు వచ్చింది, తరవాత దగ్గు కూడా రాలేదు. పెదవులు నల్లబడ్డాయి. మా చెల్లెలు వేసిన కేక నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. పిల్లను పక్కకు తిప్పి పట్టుకుని, ఆటో ఎక్కి, ఆస్పత్రికి ఎలా చేరామో నాకు గుర్తులేదు. దేవుడు మేలు చేశాడు. దారిలోనే పిల్ల గట్టిగా ఏడ్చింది. ఏడుపు వింటే అంత ఆనందం కలగడం నాకదే మొదటిసారి.

ఎక్స్‌రే తీశారు. ఒక రాత్రి ఉంచుకున్నారు. ప్రమాదం లేదన్నారు. డాక్టరమ్మ మాత్రం ఒక మాట చెప్పింది. "మాస్టారూ, ఈ పిల్ల దగ్గింది కాబట్టి మీకు తెలిసింది. నూనెతో చిక్కేమిటంటే, చాలాసార్లు దగ్గు కూడా రానివ్వదు. చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంది. అక్కడ చేరిన నూనె తొందరగా పోదు, న్యుమోనియా తెస్తుంది. ముక్కులో, చెవిలో, నోట్లో, ఎక్కడా ఒక్క చుక్క వెయ్యకూడదు."

ఆవిడ ఇది నాతోనే చెప్పింది. కాని వరండా బెంచీమీద కూర్చున్న మా అమ్మకు వినిపించింది. తన రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చుంది. ఇంటికి వచ్చాక పిల్ల గదిలోకి అడుగు పెట్టలేదు. చెల్లెలు పిల్లను తెచ్చి ఒళ్ళో పెట్టబోతే లేచిపోయింది. "నా చెయ్యి మంచిది కాదే. దూరంగా ఉంచు" అంది. పదిరోజులు అలాగే గడిచాయి. ముసలిదానికి అన్నం సయించలేదు. ఆవిడను ఎవరూ ఒక్కమాట అనలేదు. అనకపోవడమే ఆవిడకు ఎక్కువ బాధగా ఉందేమో.

ఈమధ్యలో నేను డాక్టరమ్మను అడిగాను. "అయితే నూనె రాయడమే మానేద్దామా అమ్మా?" అని.

"ఎందుకండీ మానడం? చుక్క మానండి, చెయ్యి మానకండి" అంది ఆవిడ.

ఈ మాట నన్ను ఆలోచనలో పడేసింది. కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి, నాకు ముందు మాటలే తడతాయి. సంస్కృతంలో "స్నేహం" అన్నమాటకు రెండు అర్థాలు. ఒకటి ప్రేమ, రెండోది నూనె. స్నేహం లేని దీపం అని కవులు శ్లేష కట్టేది అందుకే. అభ్యంగనం అన్నమాటకు మూలార్థం పూయడం. వాగ్భటుడు అష్టాంగహృదయంలో అభ్యంగనం నిత్యం చెయ్యమన్నాడు. తలకు, చెవులకు, పాదాలకు మరీ ముఖ్యంగా అన్నాడు. చెవులకంటే పసిపిల్లల చెవుల్లో పొయ్యమని మాత్రం మనం అర్థం చెప్పుకోకూడదు.

మన పెరటి పీటమీది విద్యను పైదేశాలవాళ్ళు చూసి ముచ్చటపడిన కథ కూడా ఉంది. లెబోయే అని ఒక ఫ్రెంచి డాక్టరు కలకత్తాలో శాంతల అనే తల్లి తన బిడ్డకు ఒళ్ళు మర్దించడం చూసి, ఆ ఛాయాచిత్రాలతో 1976లో ఆమె పేరుమీదే పుస్తకం వేశాడు. పదేళ్ళ తరవాత, 1986లో, అమెరికాలో టిఫనీ ఫీల్డ్ అనే ఆవిడ, ఆవిడతో పనిచేసినవాళ్ళు ఒక పరిశీలన ప్రకటించారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు రోజుకు మూడుసార్లు, పదిహేనేసి నిమిషాలు, పదిరోజులపాటు ఒళ్ళు నిమిరితే, అంతే పాలు తాగిన మిగతా పిల్లలకంటే వాళ్ళు రోజుకు 47 శాతం ఎక్కువ బరువు పెరిగారుట. అందులో ఇంకొక చిన్న రహస్యం ఉంది. ఈకతో రాసినట్టు మరీ పైపైన నిమిరితే పిల్లలకు చక్కిలిగింతగా ఉండి చికాకుపడతారు. కొంచెం ఒత్తిడి ఉండాలి. అయితే చపాతీపిండి పిసికినట్టు పిసకకూడదు.

ఇక ఏ నూనె? మా బావగారు విదేశంనుంచి ఆలివు నూనె సీసా పంపారు. ఖరీదైన సీసా. కాని 2013లో ఇంగ్లండులోని షెఫీల్డు విశ్వవిద్యాలయంవాళ్ళు పెద్దవాళ్ళ చర్మంమీద పరీక్షించి, ఆలివు నూనె చర్మపు పైపొరను బలహీనపరుస్తుందన్నారు. పెద్దవాళ్ళ చర్మానికే అలా అయితే పసిచర్మం మాట చెప్పాలా? ఆ సీసా వంటింట్లోకి పోయింది. పొద్దుతిరుగుడు నూనెకు మాత్రం మంచిపేరు ఉంది. ఢాకా ఆస్పత్రిలో నెలలు నిండని పిల్లల ఒంటికి దాన్ని రాస్తే రక్తంలో సూక్ష్మజీవుల జబ్బు తగ్గిందని 2005లో ప్రకటించారు. కొబ్బరినూనె మన ఇళ్ళలో ఎలాగూ ఉండనే ఉంది. వాసనలు కలపని మంచి కొబ్బరినూనె చాలునంది డాక్టరమ్మ. ఏదైనా సరే, ముందురోజు మోచేతి మడతలో కాస్త రాసి చూసి, ఎర్రబడకపోతేనే వాడమంది.

అంతా తెలిసింది. రాసేవాళ్ళెవరు? చెల్లెలికి కోతకాన్పు, ఇంకా వంగలేదు. పైగా ఆరోజునుంచీ నూనెగిన్నె చూస్తేనే చేతులు వణుకుతున్నాయంటుంది. మా ఆవిడ పొద్దున్నే బడికి పోవాలి. మిగిలింది ఎవరయ్యా అంటే మేనమామ. "నువ్వు రాయి అన్నయ్యా" అంది చెల్లెలు. పెళ్ళిలో బుట్టలో పెట్టి మోయడానికి ఇంకా చాలాకాలం ఉంది కదా, ఈలోగా ఈ పని చేద్దామని ఒప్పుకున్నాను.

మొదటిరోజు నేను పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. పేపర్లు దిద్దుతూ దిద్దుతూ లేచివచ్చాను. ఎర్రసిరా వేళ్ళు సబ్బుతో కడుక్కున్నాను. ఉంగరం తీశాను, గోళ్ళు కత్తిరించుకున్నాను. కిటికీ మూశాను, ఫ్యాను ఆపాను. పిల్ల పాలు తాగి ముప్పావుగంట అయిందో లేదో అడిగాను. కడుపు నిండుగా ఉన్నప్పుడు రాస్తే పాలు కక్కుతుంది, ఆకలిగా ఉన్నప్పుడు రాస్తే మనల్ని తిడుతుంది. నేలమీద మెత్తటి దుప్పటి పరిచి, పాత పంచె వేసి, దానిమీద పడుకోబెట్టాను. మంచంమీద వద్దు. నూనె రాసిన పిల్ల చేప పిల్లలాగా జారుతుంది. చెంచాడు నూనె అరచేతిలో వేసుకుని రెండు చేతులూ రుద్ది వెచ్చబరిచాను.

వెచ్చబరిచి ఏకంగా పొట్టమీద పెట్టాను. పిల్ల గుక్కపట్టింది.

"అలా కాదురా!"

గుమ్మం అవతలనుంచి వచ్చింది ఆ గొంతు. పదిరోజుల తరవాత ఆ గదివైపు మా అమ్మ అన్న మొదటిమాట అది. నేను విననట్టు మళ్ళీ పొట్టే పట్టుకున్నాను. నిజంగా నాకు తెలియకే పట్టుకున్నాను సుమండీ, ఎత్తు వేసి కాదు.

"ఒరేయ్, ముందు కాళ్ళు. కాళ్ళు పట్టనివ్వని పిల్ల ఒళ్ళు పట్టనివ్వదు. తొడనుంచి మడమదాకా, పాలు పితికినట్టు, ఒకచేతి వెనక ఒకచెయ్యి. లాక్కు! జార్చు."

జార్చాను. పిల్ల ఏడుపు ఆపింది. నావైపు చూసింది. ఎవరయ్యా నువ్వు అన్నట్టు.

"అరికాలు బొటనవేలితో, మడమనుంచి వేళ్ళవైపు. ఊఁ. ఇప్పుడు రెండోకాలు."

ఆవిడ గుమ్మం దాటి లోపలికి ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. పొట్ట దగ్గరికి వచ్చేసరికి నాపక్కన కూర్చుని ఉంది. నేను చేత్తో అటూ ఇటూ తడుముతుంటే ఓర్చుకోలేక, "బొడ్డుచుట్టూ, గడియారం ముల్లు తిరిగినట్టు తిప్పాలిరా. ఎదురు తిప్పకు" అని నా చెయ్యి పట్టుకుని తిప్పింది. తరవాత డాక్టరమ్మను అడిగితే, పెద్దపేగు వెళ్ళే దారి అదేనండి, అలా తిప్పితే వాయువు కిందికి జరుగుతుంది అంది. ఏ చదువూ లేకుండా మా అమ్మకు ఇది ఎవరు చెప్పారో! బొడ్డు ఊడి, పూర్తిగా ఆరిందాకా మాత్రం పొట్టజోలికి పోకూడదు. నేను మొదలుపెట్టేనాటికి మా పిల్లకు ఆరిపోయింది.

"నువ్వు రాయవే అమ్మా" అన్నాను.

"నా చేతుల్లో బలం లేదురా."

"బలం ఉండకూడదనే డాక్టరమ్మ చెప్పింది. బలం ఉన్నవాళ్ళు రాస్తేనే పిల్లలకు ప్రమాదంట."

ఆవిడ నా మొహంలోకి చూసింది. అబద్ధమాడుతున్నానేమోనని. తరవాత నూనెగిన్నె దగ్గరికి లాక్కుని, వంకరపోయిన వేళ్ళతో తడుముకుని, రెండు అరచేతులూ పిల్ల గుండెమీద ఆనించింది. నడిమినుంచి పక్కలకు, పుస్తకం తెరిచినట్టు నెమ్మదిగా జరిపింది. పిసకడానికి ఆ వేళ్ళు వంగవు. లాగడానికి ఆ మణికట్లలో సత్తువ లేదు. అరచెయ్యి వెచ్చగా ఆనడం ఒక్కటే దానికి చేతనైన పని. పిల్లకు కావలసింది అదే. పిల్ల పిడికిళ్ళు విప్పింది.

నేను లేచివెళ్ళి పేపర్లముందు కూర్చున్నాను. చెయ్యి తుడుచుకోవడం మరిచిపోయాను. మరక కథ అదీ.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఇది. కాళ్ళు, పొట్ట, గుండె, చేతులు, చివర బోర్లా తిప్పి వీపు. వీపుకు వెన్నెముకకు అటూ ఇటూ చెయ్యి జరపడమేగాని, ఎముకమీద నొక్కడం లేదు. మొహానికి నూనె అంటకుండా వట్టి వేళ్ళతో కనుబొమలు, చెంపలు నిమరడం. మాడుమీద నూనె తాకించడమేగాని నొక్కడం లేదు. అక్కడ ఎముకలు కలుసుకోవడానికి సుమారు ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. మొదటివారం అంతా కలిపి ఐదు నిమిషాలు, ఇప్పుడు పది పదిహేను. పిల్ల మొహం తిప్పుకున్నా, ఒళ్ళు విరుచుకున్నా, ఏడ్చినా అక్కడితో ఆపెయ్యడం. పూర్వం ఏడుపు మర్దనలో భాగం. ఇప్పుడు ఏడుపంటే పిల్ల "వద్దు" అంటున్నదని మా అమ్మే ఒప్పుకుంది. జ్వరం వచ్చినా, ఒంటిమీద పొక్కులు లేచినా మానెయ్యడం. టీకా వేసినచోట అసలు చెయ్యి పెట్టకపోవడం.

కొన్ని పాత అలవాట్లకు సెలవిచ్చాం. ముక్కు తీర్చడం మానేశాం. లాగితే ముక్కు నిలవదనడానికి నేనే సాక్ష్యం. పుట్టిన పిల్లల రొమ్ములు ఉబ్బితే పాలు పిండడం అనే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. అది చీము పట్టిస్తుంది, ముట్టుకోకుండా వదిలేస్తే ఆ వాపు దానంతటదే పోతుంది. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం, గాలిలో ఎగరెయ్యడం కూడదు. నూగు పోవాలని సున్నిపిండితో గట్టిగా రుద్దడమూ మానేశాం. ఆ నూగు కొద్దివారాల్లో తనే రాలిపోతుంది. సాంబ్రాణి పొగ విషయంలో మా అమ్మ మూడురోజులు పోట్లాడింది. చివరికి సాంబ్రాణి దేవుడి గదికి, పిల్ల తన గదికి అని రాజీ కుదిరింది.

పిల్లకు రెండు నెలలు నిండాయి. 3 కిలోల 600 గ్రాములు. ఇది నూనె మహిమ అని నేననను. తల్లిపాల మహిమ. నూనె చేసిన మేలు మరొకటి ఉంది. రోజూ పొద్దున్న తొమ్మిదింటికి మా అమ్మ ఎవరూ పిలవకుండానే పంచె మడత తీసుకుని బయల్దేరుతుంది. పక్కన మా చెల్లెలు కూర్చుని కాళ్ళు రాస్తుంది, అమ్మ చేతులు రాస్తుంది. ఇద్దరి చేతులూ ఇప్పుడు వణకడంలేదు. నేను ఉద్యోగంనుంచి తొలగింపబడ్డాను. ఆదివారాలు మాత్రం ఒక అరికాలు నాకు వదిలిపెడతారు.

పాఠకుల్లో పెద్దవాళ్ళున్న ఇళ్ళకు నాదొక మనవి. డాక్టరు ఏదైనా వద్దంటే ఆ ఒక్కటే మానండి, దాంతోపాటు మామ్మగారి చేతిని కూడా తీసి పక్కన పెట్టకండి. మామ్మగార్లకు కూడా ఒక మనవి. మీరు మమ్మల్ని చుక్కలు వేసి పెంచారు, మేము బతికాం, నిజమే. బతకనివాళ్ళు వచ్చి చెప్పలేరు కదా.

ఇంతకూ ఆ నూనె మరక పడ్డ పేపరు మాట చెప్పలేదు. అందులో ఒక ప్రశ్న, "స్నేహము" అను పదమునకు నానార్థములు వ్రాయుము అని. కుర్రవాడు చెలిమి అని ఒక్కటే రాసి, రెండోది తెలియక ఖాళీ వదిలాడు. సరిగ్గా ఆ ఖాళీలోనే పడింది మరక. నేను చాలాసేపు ఆలోచించి పూర్తి మార్కు వేశాను. మా ప్రిన్సిపాలుగారికి మాత్రం చెప్పకండి.